ఉన్ని పనివాళ్లకు శిక్షణ, సర్టిఫికెట్: బెంగళూరులో మొదలుపెట్టేవారికి సమగ్ర మార్గదర్శి

బెంగళూరులో ఉన్ని పని ఉందంటే చాలామంది నమ్మరు. పట్టు, గార్మెంట్లు, ఐటీ అంటే వెంటనే తలూపుతారు. మన పెద్దవాళ్లు బిన్నీ మిల్లు అని చెప్పుకునే ఫ్యాక్టరీ అసలు పేరు మాత్రం బెంగళూరు ఉలెన్, కాటన్ అండ్ సిల్క్ మిల్స్. 1884లో మొదలైన ఆ మిల్లు ఇప్పుడు లేదు, ఆ స్థలంలో అపార్ట్‌మెంట్లు లేచాయి. పని పోలేదు, చెల్లాచెదురైంది. ఎగుమతి ఫ్యాక్టరీల్లో ఉన్ని కోట్లు, బ్లేజర్లు కుట్టేవాళ్లున్నారు. స్వెటర్లు అల్లే చిన్న యూనిట్లున్నాయి. ఊరు దాటి తుమకూరు రోడ్డు పట్టుకుని చిత్రదుర్గ జిల్లా చళ్లకెరె వెళితే కంబళ్ల సంత ఉంది. ఇటు అనంతపురం, కర్నూలు పల్లెల్లో గొర్రెల మందలు, వాటి మీద బతికే కురువ, గొల్ల కుటుంబాలు ఉన్నాయి. ఆ పల్లెల నుంచి వచ్చి బొమ్మనహళ్లి, పీణ్య వైపు గార్మెంట్ ఫ్యాక్టరీల్లో చేరిన తెలుగువాళ్లకు లెక్కలేదు.

ఇంతమందిలో తమ పనికి తగ్గ సర్టిఫికెట్ చేతిలో ఉన్నవాళ్లు చాలా తక్కువ. ఇరవై ఏళ్లు ఉన్ని వడికినా రికార్డుల్లో హెల్పరే. ఈ పరిస్థితి మార్చాలని అనుకునే యూనిట్ యజమానులు, సూపర్‌వైజర్లు, మహిళా సంఘాలు నడిపేవాళ్లు, ఐటీఐ మాస్టార్ల కోసం ఇది రాస్తున్నాను.

నేను చెప్పదలచుకున్నది ఒక్కటే: ముందు పరీక్ష తయారు చేయండి, సిలబస్ తర్వాత. పనివాడి చేతిలో ఏం పెడతాం, ఏం చేయిస్తాం, ఎంత తప్పు వరకు ఒప్పుకుంటాం అన్నది తేలితే ఏ పాఠాలు కావాలో దాని నుంచే తెలుస్తుంది. అది తేలకుండా మొదలైన కోర్సులు చివరికి హాజరు పట్టీ, గ్రూప్ ఫొటో దగ్గర ఆగిపోతాయి.

మొదటి అడుగు: ఏ పనికి శిక్షణో తేల్చుకోండి

"ఉన్ని కార్మికుడు" అనే ఉద్యోగం ఎక్కడా లేదు. గొర్రె ఒంటి మీది బొచ్చు కోటుగా మారే దారిలో కనీసం డజను పనులున్నాయి: కత్తిరించడం, ఏరి రకాలు చేయడం, కడగడం, ఏకడం (పోగులను దువ్వి విడదీయడం), వడకడం, పడుగు పోయడం, నేయడం, యంత్రం మీద అల్లడం, రంగు అద్దడం, ఫినిషింగ్, కటింగ్, కుట్టు, చెకింగ్. వీటన్నిటినీ మూడు నెలల్లో నేర్పుతామనే కోర్సు దేన్నీ నేర్పదు. ఒకటి, మహా అయితే పక్కపక్కనే ఉండే రెండు పనులు తీసుకోండి.

ఎంచుకునేటప్పుడు ఉన్ని రకం కూడా చూడండి. మన దేశంలో పండే ఉన్నిలో సుమారు 85 శాతం తివాచీ రకం. బట్టలకు పనికొచ్చేది 5 శాతం మాత్రమే, మిగతాది ఇంకా ముతక. దక్కని గొర్రె ఉన్ని ఈ ముతక కోవలోదే. అది కంబళికి, తివాచీకి, ఫెల్ట్‌కు (పోగులను నేయకుండా నొక్కి చేసే దళసరి గుడ్డ), చలి ఆపే పొరలకు బాగుంటుంది. ఒంటికి తగిలే స్వెటర్‌కు కుదరదు. 30 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) మందం దాటిన పోగులు 5 శాతం మించితే చర్మానికి గుచ్చుకుంటుందని ఉన్ని పరిశోధకులు లెక్క తేల్చారు. బెంగళూరు ఫ్యాక్టరీల్లో కోట్లుగా మారేది దిగుమతి మెరినో, అంటే మెత్తటి ఉన్నినిచ్చే విదేశీ గొర్రె జాతిది. కాబట్టి చళ్లకెరె మగ్గం దగ్గర కావాల్సిన శిక్షణ, బొమ్మనహళ్లి కుట్టు లైన్ మీద కావాల్సిన శిక్షణ పూర్తిగా వేరు. మీ దగ్గరున్న పనివాళ్లు ఎవరు, ఏ ఉన్ని ముట్టుకుంటున్నారు అన్నది ముందు కాగితం మీద పెట్టండి.

రెండో అడుగు: పని తెలిసినవాళ్లను కూర్చోబెట్టండి

మేనేజర్లను కాదు, ఆ పని రోజూ చేసేవాళ్లను. కెనడాలో 1960లలో పుట్టిన డేకమ్ అనే పద్ధతి ఉంది, దాని సారం చాలా తేలిక. ఆరుగురి నుంచి పది మంది దాకా చేయి తిరిగిన పనివాళ్లను ఒక గదిలో కూర్చోబెట్టి, పొద్దున గేటు లోపలికి వచ్చినప్పటి నుంచి సాయంత్రం బయటికి వెళ్లే దాకా చేసే ప్రతి పనినీ చెప్పించి, ఒక్కో చీటీ మీద ఒక్కోటి రాసి గోడకు అంటించడం. తర్వాత వాళ్ల చేతే ఆ చీటీలను వరసలో పెట్టించాలి. ఆ రోజు కూలి వాళ్లకు పోకుండా చూడండి. పని మానుకుని వచ్చి కూర్చున్నందుకు డబ్బు ఇవ్వడం మర్యాద, న్యాయం కూడా.

అడగాల్సిన అసలు ప్రశ్నలు రెండే. "కొత్తగా వచ్చినవాళ్లు ఎక్కడ చెడగొడతారు?" "చెడిందని మీకు ఎలా తెలుస్తుంది?" రెండో ప్రశ్నకు వచ్చే జవాబులే బంగారం. "చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది అన్నా" అంటారు. అక్కడ ఆగకండి. ఆ ఉన్ని తెప్పించి చేతిలో పెట్టి, ఏం తెలిసిందో చేసి చూపించమనండి. వీడియో తీసుకోండి. ఆ వీడియో నుంచే రేపటి పరీక్ష పుడుతుంది.

మూడో అడుగు: ప్రమాణం రాయండి

ఎక్కువ శ్రమ పడాల్సింది ఇక్కడే. ఉన్ని ఏరే పనిని ఉదాహరణగా తీసుకుందాం.

చాలా కోర్సు పుస్తకాల్లో ఇలాంటి వాక్యం ఉంటుంది: "అభ్యర్థికి ఉన్ని గ్రేడింగ్ గురించి అవగాహన ఉండాలి." అవగాహన ఉందో లేదో ఎవరు చూస్తారు, ఎలా చూస్తారు? దాన్ని ఇలా మార్చి రాయండి: "జల్లి బల్ల (సందులున్న బల్ల) మీద పోసిన 5 కిలోల పచ్చి ఉన్ని నుంచి పేడ అంటిన ముక్కలు, పొట్ట బొచ్చు, కాళ్ల బొచ్చు, రంగు తేడా ఉన్నవి వేరు చేయాలి. మిగిలినదాన్ని పొడవు, మెత్తదనం బట్టి మూడు గంపల్లో వేయాలి. పరీక్షకుడు ఒక్కో గంప నుంచి తీసిన 100 గుత్తుల్లో తప్పు గంపలో పడ్డవి 5కు మించకూడదు." ఈ 5 కిలోలు, ఈ 5 గుత్తులు నేను ఉదాహరణకు పెట్టినవి. మీ సరుకు కొనేవాళ్లతో మాట్లాడి మీ అంకెలు మీరు పెట్టుకోవాలి. అంకె ఉండాలన్నదే ముఖ్యం.

ఇదే పనిలో పోగు బలం చూడటం ఒక భాగం. పెన్సిల్ మందం గుత్తి తీసుకుని, రెండు కొసలనూ రెండు చేతుల బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య గట్టిగా బిగించాలి. చెవి దగ్గరికి తెచ్చి, ఒక చేతి ఖాళీ వేలితో నడుమ మీటాలి. గట్టి ఉన్ని అయితే తీగ మీటినట్టు ఖంగుమంటుంది. బలహీనమైనదైతే లోపల పోగులు పుటుక్కున తెగుతున్న చప్పుడు సన్నగా వినిపిస్తుంది. గొర్రె జబ్బుపడిన వారాల్లో, ఎండాకాలం మేత దొరకని రోజుల్లో పెరిగిన చోట పోగు సన్నబడుతుంది. ఏకే యంత్రంలోకి వెళ్లగానే సరిగ్గా అక్కడే తెగి, దుమ్ముగా, పొట్టి ముక్కలుగా పోతుంది. ఏరే మనిషి ఈ గుత్తిని పక్కన పెడితే మిల్లుకు నష్టం తప్పుతుంది. ఇంత విలువైన పని చేసే మనిషిని నైపుణ్యం లేని కూలీగా లెక్కగట్టడం నాకు ఎప్పటికీ మింగుడుపడదు.

విదేశీ పుస్తకాలను ఉన్నదున్నట్టు దించుకోకండి. మెరినో బొచ్చు కత్తిరిస్తే ఒకే ముక్కగా ఊడి వస్తుంది, బల్ల మీద పరిచి అంచులు తీసేస్తారు. మన దక్కని గొర్రె బొచ్చు పల్చగా ఉండి ముక్కలు ముక్కలుగా వస్తుంది. బల్ల, వరస, చేతి కదలిక అన్నీ మారతాయి.

కడగడానికి కూడా ఇలాగే రాయాలి. ఉన్నికి వేడి, సబ్బు, రుద్దుడు మూడూ కలిస్తే పోగులు ఒకదానికొకటి పెనవేసుకుని ముద్దకడతాయి. కాబట్టి ప్రమాణంలో ఉండాల్సినవి: వరసగా తొట్లు సిద్ధం చేయడం, నీటి వేడి 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉందని థర్మామీటర్‌తో చూసి రాయడం, ఉన్నిని రుద్దకుండా నెమ్మదిగా ముంచి లేపడం, వేడి తొట్టి నుంచి ఒక్కసారిగా చన్నీళ్లలోకి వేయకపోవడం, సోడా మోతాదు మించకుండా పీహెచ్ కాగితంతో (నీటి క్షార గుణాన్ని రంగు మారి చూపే కాగితం) చూడటం. సోడా ఎక్కువైతే ఉన్ని పసుపుబారి గరుకెక్కుతుంది. బెంగళూరు చుట్టుపక్కల బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా, కఠినంగా ఉంటాయి. మామూలు సబ్బు వేస్తే నురగ రాకపోగా జిగట తెట్టు ఉన్నికే అంటుకుంటుంది. మీ కోర్సులో మొదటి వారమే నీళ్ల పరీక్ష ఉండాలి, కఠిన నీటిలో పనిచేసే డిటర్జెంట్ వాడటం నేర్పాలి.

లెక్కలు కూడా ఇక్కడే కలిపేయండి. 10 కిలోల పచ్చి ఉన్ని కడిగి ఆరబెడితే 6.5 కిలోలు తేలింది, అంటే దిగుబడి 65 శాతం. ఉన్ని గాలిలోని తేమను పీల్చుకుంటుంది, వ్యాపారంలో కడిగిన ఉన్నికి 16 శాతం దాకా తేమను మామూలుగా ఒప్పుకుంటారు. వానాకాలంలో తూచినప్పటికీ ఎండాకాలంలో తూచినప్పటికీ బరువు ఎందుకు మారుతుందో తెలిసిన పనివాడిని తూకంలో ఎవరూ మోసం చేయలేరు. లెక్కల క్లాసు అని విడిగా పెడితే సగం మంది భయపడి రారు. తొట్టి పక్కన నిలబెట్టి నేర్పితే అందరూ నేర్చుకుంటారు.

భద్రత: చివరి పేజీలో పెట్టకండి

ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ మిల్లుల్లో 19వ శతాబ్దంలో ఉన్ని ఏరేవాళ్లు ఊపిరాడక చనిపోతుండేవారు. దానికి ఉన్ని ఏరేవాళ్ల జబ్బు అనే పేరే పడిపోయింది. అది ఆంత్రాక్స్. జబ్బుతో చచ్చిన జంతువుల బొచ్చు నుంచి గాలిలోకి లేచిన బీజాలు ఊపిరితిత్తుల్లోకి వెళ్లడం వల్ల వచ్చేది. ఇది పాత కథ అనుకోవద్దు. కర్ణాటకలో, ఆంధ్రలో గొర్రెలకు ఆంత్రాక్స్ ఇప్పటికీ కనబడుతూనే ఉంది. పశువుల జబ్బుల మీద నిఘా పెట్టి ముందస్తు హెచ్చరికలు ఇచ్చే జాతీయ సంస్థ నివేదీ మన యలహంకలోనే ఉంది. ఏరేవాళ్ల పాఠంలో మూడు విషయాలు కచ్చితంగా ఉండాలి: చచ్చిన గొర్రె బొచ్చు ఎట్టి పరిస్థితుల్లోనూ కొనకూడదు, ముట్టకూడదు. బస్తా విప్పే చోట గాలి పీల్చే ఏర్పాటు, మాస్కు, చేతి తొడుగులు ఉండాలి. చేతి మీద నొప్పి లేని నల్లటి పుండు కనిపిస్తే అదే రోజు డాక్టర్ దగ్గరికి వెళ్లి, ఉన్ని పని చేస్తున్నానని చెప్పాలి. మూడో మాట ప్రాణం నిలబెడుతుంది. డాక్టర్‌కు ఆ సంగతి తెలియకపోతే మామూలు పుండని మందు రాసి పంపేయవచ్చు.

ఏకే యంత్రం దగ్గర ఇంకో ప్రమాదం. ముళ్ల రోలర్ తిరుగుతుండగా చిక్కుకున్న ఉన్నిని చేత్తో లాగే అలవాటు చాలామందికి ఉంటుంది. యంత్రం ఆపి, కరెంటు తీసి, రోలర్ పూర్తిగా నిలిచాకే చేయి పెట్టాలి. పరీక్షలో మిగతా మార్కులన్నీ వచ్చినా ఇది తప్పితే ఫెయిల్ అని ప్రమాణంలోనే రాసేయండి.

నాలుగో అడుగు: ఉన్న కోర్సులు వెతకండి, స్థాయి కట్టండి

ఇప్పుడు ప్రభుత్వ చట్రంలోకి వద్దాం. దేశంలో వృత్తి అర్హతలకు ఎన్‌ఎస్‌క్యూఎఫ్ (జాతీయ నైపుణ్య అర్హతల చట్రం) అనే మెట్ల వరస ఉంది. 2013 డిసెంబరులో నోటిఫై చేశారు, 2023లో సవరించాక ఇందులో 8 స్థాయిలు, మధ్యలో 2.5, 3.5 లాంటి సగం మెట్లు కూడా ఉన్నాయి. కోర్సులను ఆమోదించేది ఎన్‌సీవీఈటీ, అంటే జాతీయ వృత్తి విద్యా శిక్షణ మండలి. 2018లో దీన్ని ఏర్పాటు చేశారు.

మీరు రాసిన ప్రమాణం పట్టుకుని ముందు జాతీయ అర్హతల రిజిస్టర్‌లో వెతకండి. ఇంటర్నెట్‌లో అందరికీ తెరిచే ఉంటుంది. మీ పని ఏ రంగ మండలి (ఒక్కో రంగంలో నైపుణ్య ప్రమాణాలు చూసే సెక్టార్ స్కిల్ కౌన్సిల్) కిందికి వస్తుందో తెలిస్తే వెతకడం సులువు. వడకడం, నేయడం, ప్రాసెసింగ్ అయితే టెక్స్‌టైల్ సెక్టార్ స్కిల్ కౌన్సిల్. కుట్టు, కటింగ్ అయితే ఎపారెల్ మండలి. తివాచీ, హస్తకళ అయితే హ్యాండీక్రాఫ్ట్స్ అండ్ కార్పెట్ మండలి. గొర్రెల పెంపకం, కత్తిరింపు అయితే వ్యవసాయ మండలి. మీ పనికి దగ్గరగా ఉన్న అర్హత దొరికితే కొత్తది రాయకండి. అందులో లేని రెండు మూడు అంశాలను అదనపు మాడ్యూల్‌గా చేర్చుకోవడం చాలా త్వరగా అయ్యే పని.

నిజంగా ఏదీ దొరక్కపోతే కొత్త అర్హత ఫైలు తయారు చేయాలి. చిన్న యూనిట్ గానీ మహిళా సంఘం గానీ నేరుగా సర్టిఫికెట్ ఇచ్చే సంస్థ కావడం కష్టం, ఆ మండలుల్లో ఒకదాని ద్వారానే వెళ్లాలి. ఫైలులో వాళ్లు చూసేవి: ఈ పనికి మనుషులు కావాలని యజమానులు ఇచ్చిన లేఖలు, ప్రమాణాలు, స్థాయి ఎందుకు అంత అన్న వివరణ, గంటలు, పరీక్ష విధానం, ఆ తర్వాత పైకి వెళ్లే దారి. యజమానుల లేఖలే అన్నిటికంటే ఆలస్యమవుతాయి, వాటిని మొదటి వారం నుంచే అడుగుతూ ఉండండి.

స్థాయి విషయంలో అత్యాశ వద్దు. చెప్పిన పనిని చెప్పినట్టు చేసేది ఒక మెట్టు, యంత్రాన్ని సొంతంగా నడిపి చిన్న లోపాలు తనే సరిచేసుకునేది దానిపై మెట్టు, నలుగురి చేత పని చేయించేది ఇంకా పైది. ఆపరేటర్ పనులు ఎక్కువగా 3, 4 స్థాయిల్లో పడతాయి. పేరు గొప్పగా ఉండాలని 5 అని రాస్తే, ఆ స్థాయికి అడిగే చదువు అర్హత వల్ల మన పనివాళ్లే లోపలికి రాలేరు.

గంటలకు లెక్క తేలికే: 30 గంటలు ఒక క్రెడిట్. 300 గంటల కోర్సు అయితే 10 క్రెడిట్లు. అందులో చేతి పని వాటా కనీసం నాలుగింట మూడు వంతులు ఉండాలన్నది నా అభిప్రాయం.

ఐదో అడుగు: పరీక్ష పెట్టె తయారు చేయండి

పరీక్ష అంటే ప్రశ్నపత్రం అనుకునే అలవాటు పోవాలి. ఏరేవాళ్ల పరీక్షకు ఒక పెట్టె చాలు. అందులో వేర్వేరు రకాల ఉన్ని గుత్తులు, ఒక్కోదానికి నంబరు. వాటి మందం, పొడవు, బలం ముందే ల్యాబ్‌లో కొలిపించి ఉంచాలి. టెక్స్‌టైల్స్ కమిటీ ల్యాబులున్నాయి, ఠాణేలో ఉన్ని పరిశోధన సంఘం ఉంది, రాజస్థాన్ అవికానగర్‌లో 1962 నుంచి కేంద్ర గొర్రెల, ఉన్ని పరిశోధన సంస్థ ఉంది. దాని దక్షిణాది కేంద్రం కొడైకెనాల్ దగ్గర మన్నవనూరులో ఉంది, మనకు అదే దగ్గర. అభ్యర్థి ప్రతి గుత్తినీ చూసి, ముట్టి, మీటి ఏ గంపదో చెప్పాలి. జవాబు ల్యాబ్ కాగితంతో పోల్చి మార్కులు వేయాలి. పరీక్షకుడి ఇష్టాయిష్టాలకు అక్కడ చోటు ఉండదు.

నేర్పినవాళ్లే పరీక్ష పెట్టకూడదు. ఇది నియమం కూడా. ఇంకో జాగ్రత్త నా తరఫు నుంచి: మొదటి బ్యాచ్‌లో ఇద్దరు పరీక్షకులు ఒకే అభ్యర్థిని విడివిడిగా చూడాలి. ఇద్దరి మార్కులకూ పెద్ద తేడా వస్తే లోపం అభ్యర్థిది కాదు, మీ ప్రమాణం సరిగ్గా రాయలేదని అర్థం. తిరగరాయండి.

భాష గురించి. బెంగళూరులో ఒకే బ్యాచ్‌లో తెలుగు, కన్నడ, తమిళం, హిందీ, ఒడియా మాట్లాడేవాళ్లు కూర్చుంటారు. పుస్తకాలేమో ఎక్కువగా ఇంగ్లీషు, హిందీలో వస్తాయి. ఫొటో కార్డులు చేయించండి: మంచి పోగు, చెడ్డ పోగు, సరైన కుట్టు, తప్పు కుట్టు, పక్కపక్కన. ప్రశ్నలు నోటితో అడిగేలా, ఏ భాషలో అడగాలో అభ్యర్థే చెప్పేలా పరీక్ష సంస్థతో ముందే రాతపూర్వకంగా ఒప్పించుకోండి. పరీక్ష రోజున అడిగితే కుదరదంటారు.

ఆరో అడుగు: నేర్పేవాళ్లు, వేళలు

ట్రైనర్‌కు శిక్షకుల సర్టిఫికెట్ ఉండాలని నిబంధన. అది ఉన్న మనిషికి కదురు పట్టుకోవడం రాకపోవచ్చు, కదురు ఆడించే పెద్దమ్మకు ఆ సర్టిఫికెట్ ఉండదు. ఇద్దరినీ జోడీగా పెట్టండి, ఇద్దరికీ డబ్బు సమానంగా ఇవ్వండి. కంబళి నేతలో పడుగుకు చింతగింజల గంజి పట్టించడం లాంటివి ఏ టెక్స్‌టైల్ పుస్తకంలో చదివినా చేతికి రావు. గంజి ఎంత చిక్కగా ఉండాలో, ఏ ఎండలో ఆరబెట్టాలో, కుంచె ఏ వాటున లాగాలో చేసినవాళ్ల పక్కన కూర్చుంటేనే తెలుస్తుంది.

సిబ్బంది కావాలంటే కె.ఆర్. సర్కిల్ దగ్గరి ఎస్‌కేఎస్‌జేటీఐ అనే ప్రభుత్వ ఇంజినీరింగ్ కాలేజీలో టెక్స్‌టైల్ విభాగం ఉంది. అక్కడి విద్యార్థులు ప్రాజెక్టు కింద మీ కొలతల పనిలో సాయం చేయగలరు. గొర్రెల సంగతులకు కర్ణాటక గొర్రెల, ఉన్ని అభివృద్ధి నిగమం ఆఫీసు హెబ్బాళలో ఉంది.

వేళల విషయంలో మొండిగా ఉండకండి. గార్మెంట్ పనివాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. షిఫ్టు అయ్యాక ఇంటికి చేరి నీళ్లు పట్టుకోవాలి, వంట చేయాలి, పిల్లల్ని చూసుకోవాలి. సాయంత్రం ఏడింటికి క్లాసు పెట్టి హాజరు తగ్గిందని బాధపడితే లాభం లేదు. షిఫ్టులోనే వారానికి రెండు గంటలు యజమాని వదలాలి, ఆ గంటలకు జీతం కోయకూడదు. దీనికి ఒప్పుకోని యజమానితో కోర్సు మొదలుపెట్టవద్దు.

ఏడో అడుగు: ముందే పని వచ్చినవాళ్లకు ఆర్‌పీఎల్

చేతిలో పని ఉండి కాగితం లేనివాళ్లకు మళ్లీ మూడు వందల గంటలు నేర్పడం వాళ్లను అవమానించినట్టే. ఆర్‌పీఎల్ అనే దారి ఉంది, అంటే ముందు నేర్చుకున్నదానికి గుర్తింపు. మొదట ఒక పూట పని చేయించి చూస్తారు. లోటు ఎక్కడుందో చెబుతారు. మామూలుగా లోటు చేతి పనిలో ఉండదు, భద్రతలో, రికార్డు రాయడంలో, కొలతల్లో ఉంటుంది. అంతవరకు మాత్రం కొద్ది రోజులు నేర్పి పరీక్ష పెడతారు.

ఆర్‌పీఎల్‌ను తేలిగ్గా తీసుకునేవాళ్లు ఎక్కువ. ఒక్క పూటలో వందమందిని కూర్చోబెట్టి, నాలుగు ప్రశ్నలడిగి కాగితాలు పంచితే ఆ కాగితానికి బజారులో విలువ ఉండదు. అప్పుడు నష్టపోయేది నిజంగా పని వచ్చిన మనిషే. ఆర్‌పీఎల్ పరీక్ష మామూలు కోర్సు పరీక్ష కంటే ఒక్క అంగుళం కూడా తక్కువ ఉండకూడదు. అదే పెట్టె, అవే గుత్తులు.

ఎనిమిదో అడుగు: సర్టిఫికెట్‌ను జీతానికి కట్టండి

ఆస్ట్రేలియాలో ఉన్ని రకాలు చేసే క్లాసర్‌కు రిజిస్ట్రేషన్‌తో పాటు ఒక ముద్ర సంఖ్య ఇస్తారు. అతను సిద్ధం చేసిన ప్రతి బేలు (ఉన్ని కట్ట) మీద ఆ ముద్ర పడుతుంది. కొన్నవాడికి బేలులో తేడా కనిపిస్తే ఎవరి పనో తెలుస్తుంది. బాగుంటే కూడా తెలుస్తుంది, అందుకే ఆ సర్టిఫికెట్‌కు గౌరవం. బ్రిటన్‌లో గొర్రె బొచ్చు కత్తిరించేవాళ్లకు నీలం, కంచు, వెండి, బంగారం అని నాలుగు ముద్రలున్నాయి. ఒక్కో మెట్టుకు వేగం, నాణ్యత రెండూ చూసి ఇస్తారు. రైతు ఆ ముద్ర చూసి పనికి పిలుస్తాడు.

మన దగ్గర చేయాల్సింది కూడా ఇదే. కోర్సు మొదలయ్యే ముందే యజమానులతో ఒక పేజీ ఒప్పందం రాయించుకోండి: ఈ సర్టిఫికెట్ వచ్చినవాళ్లు ఏ వర్గంలోకి మారతారు, ఎప్పటి నుంచి, ఎంత పెరుగుతుంది. కనీస వేతనాల నోటిఫికేషన్లలో నైపుణ్యం లేనివారు, కొంత నైపుణ్యం ఉన్నవారు, నైపుణ్యం ఉన్నవారు అనే వర్గాలు ఉంటాయి. మీ సర్టిఫికెట్ ఏ వర్గానికి సరిపోతుందో ఒప్పందంలో పేరు పెట్టి రాయండి. కంబళి సంఘాల్లో జీతం ఉండదు కాబట్టి అక్కడ ముద్ర పద్ధతి పెట్టవచ్చు. ఏరి రకం చేసిన బస్తా మీద ఏరినవాళ్ల సంఖ్య, రకం లేని బస్తా కంటే కిలోకు ఎంత ఎక్కువో కొనేవాడితో ముందే మాట.

డబ్బు ఎక్కడి నుంచి

టెక్స్‌టైల్ శిక్షణకు కేంద్రం సమర్థ్ పథకం ఉంది. ఆర్‌పీఎల్‌కు ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజన ఉంది. ఉన్నికి ప్రత్యేకంగా జోధ్‌పూర్‌లోని కేంద్ర ఉన్ని అభివృద్ధి బోర్డు సమగ్ర ఉన్ని అభివృద్ధి కార్యక్రమం నడుపుతుంది. 2021-22 నుంచి 2025-26 దాకా దానికి 126 కోట్లు కేటాయించారు. దరఖాస్తు పెట్టే ముందు ప్రస్తుత మార్గదర్శకాలు బోర్డు దగ్గర తెలుసుకోండి.

నాకు ఎక్కువ నమ్మకం అప్రెంటిస్‌షిప్ మీద. 1961 అప్రెంటిస్ చట్టం ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అంతకంటే చిన్న యూనిట్లు కూడా ఇష్టమైతే తీసుకోవచ్చు. స్టైపెండ్‌లో నాలుగో వంతు, నెలకు 1500 మించకుండా, కేంద్రం భరిస్తుంది. నేర్చుకునే మనిషికి మొదటి రోజు నుంచే చేతిలో డబ్బు, యజమానికి నిజమైన యంత్రం మీద తయారైన పనివాడు. పథకం ఏదైనా వాయిదాలు ఆలస్యంగా వస్తాయని లెక్క వేసుకోండి. బయోమెట్రిక్ హాజరు, ఉద్యోగం వచ్చిన రుజువు చూపాకే మిగతా డబ్బు వస్తుంది. ట్రైనర్ల జీతాలకు కనీసం ఆరు నెలల సొమ్ము మీ దగ్గర లేనిదే బ్యాచ్ మొదలుపెట్టకండి.

తొమ్మిదో అడుగు: ఒక్క బ్యాచ్, తర్వాత లెక్క

మొదట పదిహేను, ఇరవై మందితో ఒకే బ్యాచ్ నడపండి. మొదలయ్యే ముందు నెల యూనిట్‌లో ఎంత సరుకు రిజెక్ట్ అయింది, ఎంతమంది పని మానేశారు, సగటు జీతం ఎంత అన్న మూడు అంకెలు రాసుకోండి. కోర్సు అయిన మూడో నెలలో, ఆరో నెలలో అవే మూడు అంకెలు మళ్లీ తీయండి. పనివాళ్లకు ఫోన్ చేసి జీతం పెరిగిందా అని నేరుగా అడగండి, యజమాని చెప్పిన మాట మీద ఆగకండి.

ఆమోదించిన అర్హతకు గడువు ఉంటుంది, సాధారణంగా మూడేళ్లు. గడువు తీరడానికి ఏడాది ముందే రెండో అడుగులో కూర్చోబెట్టిన పనివాళ్లను మళ్లీ పిలవండి. ఈసారి వాళ్లలో సగం మంది మీ కోర్సు చేసినవాళ్లే ఉండేలా చూడండి. ఏది పనికొచ్చింది, ఏది దండగ, ఏది చెప్పలేదు అని వాళ్ల చేతే చీటీలు రాయించండి. పరీక్ష పెట్టెలోని గుత్తులు చేతులు మారి మారి నలిగి, పొడిబారి ఉంటాయి. వాటిని ఏటా కొత్త కత్తిరింపు ఉన్నితో మార్చి, మళ్లీ ల్యాబ్‌కు పంపి, కొత్త కాగితం పెట్టెలో ఉంచండి. ఆ పెట్టె తాళం ట్రైనర్ దగ్గర కాకుండా పరీక్షకుల దగ్గర ఉండాలి.